ఇరవై మూడు

పీణ్యలో లేతు మిషన్లు గొంతు సవరించుకునే వేళకి
మా బడిలో హాజరు మొదలవుతుంది.
తొమ్మిదో తరగతి, బి సెక్షను, నలభై ఒక్క మంది.
ముత్తురాజు "ఉళ్ళేన్" అనేసి నాలిక కరుచుకుంటాడు.
దిల్‌మాయ "హజుర్" అంటుంది.
జెసింత "ప్రెజెంట్ మిస్" అని సాగదీస్తుంది.
మా హిందూపురం వైపు ఓబుళేసు
"ఉండా టీచర్" అంటాడు,
పాత బాకీ తీర్చినట్టు.

ఇరవై మూడు, హులిగెమ్మ.
రాయచూరు నుంచి అమ్మానాన్నల తట్ట, పారలతో పాటు
రాత్రి బస్సులో వచ్చిన పిల్ల.
పెదవులు రెండూ "ప్ర" దగ్గర కలుస్తాయి,
ఇక విడిపోవు.
గోడ గడియారం నన్ను తరుముతుంటుంది.
నేను ఇరవై నాలుగుకి వెళ్ళిపోయాను.
ఒక్కరోజు కాదు.
మూడు రోజులు, కళ్ళెదుట కూర్చున్న పిల్లకి
ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

నాలుగోరోజు వెనక బెంచీ నుంచి ఓబుళేసు:
"ఆయమ్మి ఆడే కూసోనుండాది గదా టీచర్,
మీకే కండ్లు కనపల్లేదు."
తరగతి గొల్లుమంది.
వాణ్ణి బయట నిలబెట్టాను.
కిటికీకి అటు వాడు, ఇటు నేను,
పీరియడంతా ఒకరినొకరం చూసుకున్నాం.
లోపలుండాల్సింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఇరవై మూడు అన్నాను. ఆగాను.
వీధిలో నీళ్ళ ట్యాంకరొకటి
పీ పీ అంటూ వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి.
అప్పుడు బల్లమీద
టక్, టక్.
వేలి కణుపులతో.
నేను తలెత్తలేదు. టిక్కు పెట్టాను.
ఇరవై నాలుగు కూడా బల్లే కొట్టింది.
ఇరవై ఐదూ.

దసరా సెలవుల నాటికి
మా హాజరు వడ్రంగి కొట్టయింది.
పక్క సెక్షను మాస్టారు తొంగిచూసి
"ఏంటమ్మా, మేకులు కొట్టిస్తున్నారా?" అన్నారు.
అవునండీ అన్నాను.

అన్నీ కుదిరాయని చెప్పను.
గుడ్డు తినేవాళ్ళ వరస వేరు, అరటిపండు వరస వేరు,
నడుమ జానెడు నేలని ఇంకా ఎవరూ తొక్కరు.
తబ్రేజ్ ఇప్పటికీ మెట్ల మలుపు దాటాక
"ప్... ప్..." అని వెక్కిరిస్తాడు.
నా సైన్సు పుస్తకంలో దానికి పాఠం లేదు.

నవంబరులో ఒక వారం
ఇరవై మూడు దగ్గర బల్ల మోగలేదు.
పని యెలహంక అవతలికి మారింది,
పనితో పాటు షెడ్డూ మారింది.
పిల్లలు నన్నడగలేదు.
శనివారం మధ్యాహ్నం ఐదుగురు బయల్దేరారు.
ఆడపిల్లలకి టికెట్టు అక్కర్లేదు,
ఇద్దరు మగపిల్లల టికెట్టుకే చిల్లర పోగేశారు.
సగం లేచిన ఎనిమిది అంతస్తుల కింద
ఇసుక కుప్పల మధ్య
కనిపించిన ప్రతి ఇనప చువ్వ మీదా తట్టుకుంటూ తిరిగారట,
టక్, టక్.
మూడో వరస రేకుల షెడ్డులోంచి
జవాబు గిన్నె మీద వచ్చిందట.

ఇప్పుడామె రెండు బస్సులు మారి వస్తుంది.
జాలహళ్ళి క్రాసులో రోజుకొకరు కాచుకుంటారు.
వంతుల పట్టీ ఎవరిదో నోటుబుక్కు వెనక అట్టమీద ఉంది,
నాకు చూపించలేదు.
వానొచ్చిన గురువారం గొడుగు పట్టుకొచ్చింది తబ్రేజ్.
సగం తడిసిన వాడి భుజం చూస్తూ
ఇంత ఆలస్యమేంట్రా అన్నాను.
"తనొక మాట చెప్పింది మిస్,
క్రాసు నుంచి గేటు దాకా పట్టింది."

పదింటికల్లా పట్టీ ఆఫీసుకి చేరాలని రూలు.
పదీ పావుకి పంపుతాను.
ఆ పావుగంటా
ఇరవై మూడో గడిలో పెన్ను ఆనించకుండా
వింటూ ఉంటాను,
మెట్లమీద రెండు జతల చెప్పుల కోసం.